తలుపు పక్కన తాళం చెవి: ఒక ఆఫీసు తరలింపు, కొన్ని ప్రయాణపు అలవాట్లు

ఈ కేసు నా దగ్గరకు పర్యావరణం పేరుతో రాలేదు, పార్కింగ్ పేరుతో వచ్చింది. అదొక మధ్యతరహా సేవాసంస్థ. ఉద్యోగుల కార్లు ఆవరణ నిండిపోయి వీధిలోకి పాకాయి. పక్కన అద్దెకు తీసుకున్న ఖాళీ స్థలం గడువు ముగియబోతోంది. యాజమాన్యం నన్ను పిలిచి, "వీళ్లలో కొంతమందినైనా బస్సులూ రైళ్లూ ఎక్కించే దారి చూడండి" అంది. సంస్థలకు ఉద్యోగుల రాకపోకల ప్రణాళికలు తయారుచేయడం నా వృత్తి. సంస్థ పేరు, ఊరు, అంకెలు బయటపెట్టనని ఒప్పుకున్నాను కాబట్టి ఆ ఆఫీసుకు సంబంధించిన శాతాలు ఇక్కడ ఉండవు. మొగ్గు ఎటు వెళ్లిందో మాత్రం చెబుతాను. మనుషుల ఆనవాళ్లు కూడా మార్చాను.

మొదటి ఆరు నెలల్లో నేను చేసిన పని దాదాపు వృథా. అది ఎందుకు వృథా అయిందో తెలుసుకున్నాకే ఈ కేసు ముందుకు కదిలింది.

అందరూ తలలు ఊపారు

ఇలాంటి పని ఏదైనా సర్వేతోనే మొదలవుతుంది. మేమూ ఒక ప్రశ్నావళి పంచాం. వాతావరణ మార్పు గురించి ఆందోళన ఉందా, గాలి కాలుష్యం మీ ఇంట్లోవారిని బాధిస్తోందా, ప్రజా రవాణా పెరగాలని కోరుకుంటున్నారా అని అడిగాం. దాదాపు ప్రతి కాగితమూ అవునంటూ తిరిగొచ్చింది. నాకు భలే సంతోషం వేసింది. స్పృహ ఇంత ఉన్నప్పుడు కాస్త తట్టి లేపితే చాలనుకున్నాను.

తట్టి లేపే పని పెట్టుకున్నాను. లిఫ్టు పక్కన పోస్టర్లు, మధ్యాహ్నం వేళ ఉపన్యాసాలు. మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు 15 శాతం నేరుగా రవాణా రంగం నుంచే వస్తున్నాయని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందమైన ఐపీసీసీ ఆరో నివేదిక 2019 నాటి లెక్కలతో చెప్పిన సంగతి వివరించాను. ఒక్క మనిషి కోసం టన్నుకు పైగా ఇనుమును కదిలించడం ఎంత దుబారానో బొమ్మలు గీసి చూపించాను. గంగిరెద్దుల్లా అందరూ తలలు ఊపారు. చివర్లో, వారానికి రెండు రోజులైనా కారు మానేస్తామని ఒక పత్రం మీద సంతకాలు కూడా చేశారు. ఆ పత్రాన్ని కాపలాదారు గది అద్దానికి అతికించాం, వచ్చేవారికీ పోయేవారికీ కనిపించాలని.

తర్వాతి సోమవారం ఉదయం ఆ అద్దం పక్కనే నిలబడి కార్లు లెక్కపెట్టాను. తగ్గలేదు. సంతకాలు చేసినవారు తమ సంతకాల పక్కనుంచే, నాకు చెయ్యి ఊపుతూ, లోపలికి వెళ్లారు. వాళ్ల ముఖాల్లో అపరాధ భావం కూడా లేదు. మరుసటి వారం కూడా నిలబడ్డాను. అదే వరుస, అవే కార్లు.

దీనికి ఒక పాత వివరణ ఉంది, దానితో నేను కొన్నాళ్లు సరిపెట్టుకున్నాను కూడా. ఆండ్రియాస్ డీక్‌మన్, పీటర్ ప్రైజెన్‌డోర్ఫర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు పర్యావరణ స్పృహ తక్కువ ఖర్చు పనుల్లోనే ఎక్కువగా పనిచేస్తుందన్నారు. చెత్త వేరుచేయడం, సంచి వెంట తీసుకెళ్లడం వంటివాటికి సమయమూ శ్రమా పెద్దగా పట్టవు కాబట్టి అక్కడ మాటకూ చేతకూ పొత్తు కుదురుతుంది. కారు మానేయడం దగ్గరకొచ్చేసరికి ఆ పొత్తు చెదిరిపోతుంది. ఈ వాదనలో నిజం ఉంది. కానీ ఆ ఆఫీసులో నాకు ఎదురైనవారు ఖర్చూ లాభమూ బేరీజు వేసుకుని కారువైపు మొగ్గినవారిలా కనిపించలేదు. అసలు బేరీజు వేసుకున్నట్టే లేదు.

"నిర్ణయమా?"

ప్రశ్నావళి పక్కన పడేసి మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టాను. మొదట లెక్కల విభాగంలో సీనియర్ అధికారి ఒకాయన. పర్యావరణం గురించి ఆ ఆఫీసులో ఆయన కంటే నిజాయితీగా బాధపడే మనిషి లేరు. ఇంటి మీద సౌర ఫలకలు పెట్టించుకున్నారు. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు ఇస్తే ముట్టరు. సంతకాల పత్రంలో మొదటి పేరు ఆయనదే. రోజూ ఒంటరిగా కారులో వస్తారు.

"ఈ రోజు కారులో రావాలని ఎప్పుడు నిర్ణయించుకున్నారండీ?" అని అడిగాను.

ఆయన కాసేపు నా వైపు చూసి, "నిర్ణయమా?" అన్నారు. "చెప్పులు వేసుకుంటాను. తాళం చెవి తలుపు పక్కనే తగిలించి ఉంటుంది. తీసుకుంటాను. అందులో నిర్ణయించుకోవడానికి ఏముందండీ?"

నా ఆరు నెలల పోస్టర్లకు జవాబు అందులోనే ఉంది. మనిషి మనసులోని ఉద్దేశమే చేతను నడుపుతుందని, ఆ ఉద్దేశం వైఖరి నుంచీ, చుట్టూ ఉన్నవారి ఒత్తిడి నుంచీ, ఆ పని తనవల్ల అవుతుందన్న నమ్మకం నుంచీ పుడుతుందని మనస్తత్వవేత్త ఐసెక్ ఐజెన్ ప్రతిపాదించిన సిద్ధాంతం మా వృత్తిలో పెద్దబాలశిక్ష లాంటిది. 1991లో ఆయన దాన్ని సమగ్రంగా వివరించారు. నేను చదువుకున్నదీ అదే, పోస్టర్లు తయారుచేసిందీ దాన్ని బట్టే. కానీ ఆ సిద్ధాంతంలోని మనిషి ఉదయం పూట కూర్చుని ఆలోచిస్తాడు. మా లెక్కల అధికారి ఆలోచించడం లేదు. సమయం, స్థలం, తాళం చెవి కలిసి ఆయనను కారులో కూర్చోబెడుతున్నాయి. ఆయన వైఖరి పరిశుద్ధంగా, ఏ పనీ లేకుండా, పక్క సీట్లో కూర్చుని వస్తోంది.

అలవాటు అంటే మాటిమాటికీ చేయడం అని మామూలుగా అనుకుంటాం. మనస్తత్వవేత్తలు దానికి ఇంకో లక్షణం జోడిస్తారు: ఒకే పరిస్థితిలో మాటిమాటికీ చేయడం వల్ల, ఆ పరిస్థితి కనిపించగానే ఆలోచన అవసరం లేకుండా పని జరిగిపోవడం. దీన్ని కొలవడానికి నెదర్లాండ్స్‌లో బాస్ వెర్‌ప్లాంకెన్, హెంక్ ఆర్ట్స్, వారి సహచరులు 1990ల్లో తేలికైన పద్ధతి ఒకటి తయారుచేశారు. ఎదుటివారికి వరుసగా కొన్ని ఊహా ప్రయాణాలు చెబుతారు. స్నేహితుడి ఇంటికి, సముద్రతీరానికి, దుకాణానికి, ఇలా. ప్రతిదానికీ ఎలా వెళతారో తడుముకోకుండా వెంటనే చెప్పాలి. ఎన్నిసార్లు "కారు" అన్నారన్నదే అలవాటు బలం. ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే ఈ పద్ధతికి ప్రాణం.

మేమూ అలాంటి జాబితా ఒకటి రాసుకుని అడిగాం. లెక్కల అధికారి పదింటికి పదీ కారే అన్నారు. అందులో ఒకటి ఆయన ఇంటి నుంచి నాలుగు వందల అడుగుల దూరంలోని మందుల దుకాణం. చెప్పాక ఆయనే నవ్వేశారు. "నడిచే వెళతానండీ, నిజంగా. నోటికి అలా వచ్చింది." నోటికి అలా రావడమే నాకు కావలసినది.

ఇదే బృందం 1997లో ప్రచురించిన మరో అధ్యయనం మా వృత్తిలోని అందరూ గోడకు అంటించుకోదగినది. అలవాటు బలంగా ఉన్నవారు ప్రయాణ సాధనం ఎంచుకునేటప్పుడు ఇతర మార్గాల గురించి సమాచారం తక్కువగా వెతుకుతారని అందులో తేలింది. నా పోస్టర్ చదివి కూడా వాళ్లు చదవలేదన్నమాట. కావాలని కాదు, ఆ సమాచారంతో వాళ్లకు పని లేదు. తామరాకు మీద నీళ్లు పోస్తూ ఎందుకు తడవడం లేదని నేను వాపోయాను.

వెతకకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. తెలియని చోట మనసు ఖాళీగా ఉండదు, అంచనాలతో నింపుకుంటుంది. బస్సులో ఆఫీసుకు ఎంతసేపు పడుతుందని అధికారిని అడిగితే "గంటన్నర తక్కువ కాదు" అన్నారు. ఆఖరుసారి ఎప్పుడెక్కారంటే పదకొండేళ్లు అయింది. ఒక ఉదయం ఆయన వీధి చివరి నుంచి గడియారం పట్టుకుని నేనే వచ్చాను. గంట లోపే ఆఫీసులో ఉన్నాను, ఎదురుచూపుతో సహా. జపాన్‌లో 1998లో ఒసాకా, సకాయి నగరాలను కలిపే వేగ రహదారిని మరమ్మతుల కోసం ఎనిమిది రోజులు మూసినప్పుడు సతోషి ఫుజీ, టొమ్మీ గార్లింగ్, ర్యుయిచి కితమురా అనే పరిశోధకులు గమనించినదీ ఇదే. రైళ్లకూ బస్సులకూ పట్టే సమయాన్ని కారువాళ్లు ఎక్కువగా ఊహించుకుంటున్నారు. గత్యంతరం లేక ఎక్కాక ఆ అంచనాను సరిదిద్దుకున్నారు. అలా సరిదిద్దుకున్నవారిలో కొందరు రహదారి తెరిచాక కూడా ప్రజా రవాణాను వదల్లేదు.

అధికారికి నా గంట లెక్క చూపించాను. "మీకు అదృష్టం బాగుందండీ ఆ రోజు" అన్నారు.

అదే వారం ఇంకొకరితో మాట్లాడాను. సమాచార విభాగంలో పనిచేసే యువతి. ఆఫీసుకు రోజూ బస్సులోనే వస్తుంది. పర్యావరణం గురించి నా ప్రశ్నలకు ఆమె రాసిన జవాబులు ఆఫీసు మొత్తంలో అతి చప్పనివి. "ఆ విషయాలు పెద్దవాళ్లు చూసుకుంటారు కదండీ" అంది. మరి బస్సు ఎందుకంటే, "కిటికీ పక్క సీటు దొరికితే నలభై నిమిషాలు నిద్ర" అంది. ఆమె కర్బన పాదముద్ర, అంటే ఆమె వల్ల గాలిలో కలిసే కర్బన వాయువుల మొత్తం, అధికారి దానిలో ఏ పాటి ఉంటుందో నేను లెక్క కట్టలేదు, కట్టాల్సిన అవసరమూ లేదు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే వైఖరికి విలువే లేదనిపిస్తుంది. నేనూ కొన్ని వారాలు అలాగే అనుకున్నాను. అదీ పొరపాటే.

ఆఫీసు మారుతోంది

స్థలం సమస్యతో విసిగి యాజమాన్యం ఏకంగా ఆఫీసునే నగరం మరో వైపుకు మార్చాలని నిర్ణయించింది. కొత్త భవనం రైలు స్టేషనుకు దగ్గర. పార్కింగ్ తక్కువ. నా ఒప్పందం ఇక ముగిసినట్టేనని మానవ వనరుల విభాగం వారు మర్యాదగా సూచించారు. నేను మాత్రం బతిమాలి ఇంకో ఆరు నెలలు పొడిగించుకున్నాను. ఎందుకంటే అలవాట్లను అధ్యయనం చేసేవారు ఎదురుచూసే ఘట్టం అదే.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత. బుద్ధి సంగతి నాకు తెలియదు గానీ అలవాటు మాత్రం అంత మొండిది కాదు. అది పరిస్థితిని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. పరిస్థితి మారితే చేతికి పట్టు దొరకదు. ఇల్లు మారడం, ఉద్యోగం మారడం, బిడ్డ పుట్టడం, దారి మూతపడటం, ఇవన్నీ అలాంటి ఘడియలే. వెర్‌ప్లాంకెన్ తన సహచరులతో కలిసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విశ్వవిద్యాలయానికి చెందిన 433 మంది ఉద్యోగులను పరిశీలించారు. పర్యావరణం గురించి పట్టింపు ఉన్నవారిలో ఈ మధ్యే ఇల్లు మారినవారు, మారనివారి కంటే కారు తక్కువగా వాడుతున్నారు. పట్టింపు ఇద్దరికీ ఉంది. ఒకరికి అలవాటు తెగింది, ఇంకొకరికి తెగలేదు. అంతే తేడా.

దీన్ని చదివి అప్పటికే చాలా ఏళ్లయింది. అయినా మా లెక్కల అధికారిని చూసేదాకా దాని అర్థం నాకు పూర్తిగా ఒంటపట్టలేదు. వైఖరి అబద్ధం కాదు, బలహీనమూ కాదు. దానికి వంతు రావడం లేదు. అలవాటు తెగిన కొద్ది రోజులు మాత్రమే దానికి వంతు వస్తుంది.

ఆ కొద్ది రోజులు ఎన్ని? వెర్‌ప్లాంకెన్, దేబొరా రాయ్ 2016లో 800 మందితో చేసిన క్షేత్ర ప్రయోగం ప్రకారం, ఇల్లు మారినవారి విషయంలో ఆ కిటికీ సుమారు మూడు నెలలు తెరిచి ఉంటుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సెబాస్టియన్ బామ్‌బెర్గ్ కొత్తగా వచ్చి చేరినవారికి ఒక రోజు ఉచిత టికెట్టూ, వాళ్ల కొత్త ఇంటికి సరిపోయే ప్రయాణ వివరాలూ పంపి చూశారు. అవి అందనివారి కంటే అందినవారు ప్రజా రవాణాను స్పష్టంగా ఎక్కువ వాడారు. ఒక రోజు టికెట్టు విలువ ఏపాటిది? అది చేతికి అందిన రోజే ముఖ్యం.

కాబట్టి ఈసారి పోస్టర్ ఒక్కటి కూడా వేయలేదు. ఉపన్యాసం లేదు, ప్రతిజ్ఞ లేదు. తరలింపుకు మూడు వారాల ముందు ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మీ ఇంటి నుంచి కొత్త ఆఫీసుకు దారి ఇది, ఈ స్టాపులో ఈ నంబరు, ఇన్నింటికి బయలుదేరితే ఇన్నింటికి చేరతారు, తప్పిపోతే తర్వాతిది ఇన్ని నిమిషాలకు అని ఒక్క కాగితం మీద రాసి ఇచ్చాం. సాధారణ సమయ పట్టిక ఎవరికీ ఇవ్వలేదు. అది చదవడం తెలిసినవారికే పనికొస్తుంది, అలాంటివారు ఎలాగూ బస్సులోనే వస్తున్నారు. కోరినవారికి మొదటి రోజు తోడు ఏర్పాటు చేశాం, అదే దారిలో అలవాటుగా వచ్చే సహోద్యోగిని. ఇది నా ఆలోచన కాదు, సమాచార విభాగం యువతిది. "మొదటిసారి ఎక్కడ దిగాలో తెలియక నేను రెండు స్టాపులు దాటిపోయానండీ, ఆ రోజు ఏడుపొచ్చింది" అంది. పెద్ద పదవుల్లో ఉన్నవారు బస్సుకు జంకేది అసౌకర్యానికే కాదు, తెలియనివాడిలా కనిపించాల్సి రావడానికి కూడా. ఇది ఏ ప్రశ్నావళిలోనూ దొరకదు.

నెల పాసు సంస్థే కొనిచ్చింది. క్యోటోలో ఫుజీ, కితమురా 43 మంది కారు నడిపే విద్యార్థుల్లో 23 మందికి నెల రోజుల ఉచిత బస్సు టికెట్టు ఇచ్చి చూశారు. గడువు ముగిసి నెల దాటాక కూడా వాళ్లలో బస్సు వాడకం మునుపటి కంటే ఎక్కువగానే ఉంది. కారు అలవాటు కూడా కొంత సడలింది. ఉచితం అనేది మనిషిని ఎక్కిస్తుంది, అక్కడే ఉంచుతుందా లేదా అనేది వేరే సంగతి. మాకు ఎక్కించడమే కావాలి.

అన్నిటికంటే ఎక్కువ పోరాటం పార్కింగ్ దగ్గర జరిగింది. పాత ఆఫీసులో ప్రతి అధికారికీ పేరు రాసిన చోటు ఉండేది. కొత్త చోట పేర్లు ఉండకూడదని, కారు తెచ్చే రోజున ముందురోజు సాయంత్రం ఫోనులో నమోదు చేసుకోవాలని నేను పట్టుబట్టాను. రుసుము లేదు, నిషేధం లేదు, ఒక్క నమోదు. కారులో రావడాన్ని మళ్లీ ఒక నిర్ణయంగా మార్చడమే నా ఉద్దేశం. అర నిమిషం పనికి అంత గొడవ జరుగుతుందని నేను ఊహించలేదు. ఒక విభాగాధిపతి దీన్ని తన హోదాకు అవమానంగా భావించారు. చివరికి ఆయనతో పాటు నలుగురికి పేర్లు రాసిన చోట్లు అలాగే ఉంచాల్సి వచ్చింది. ఆ నలుగురూ ఒక్క రోజు కూడా రైలెక్కలేదని చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి, చిన్నదే. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని కబురొస్తే సంస్థ ఖర్చుతో టాక్సీలో ఇంటికి పంపుతామని రాతపూర్వకంగా హామీ ఇచ్చాం. కారు ఎందుకు తేవాలో చెప్పేటప్పుడు అందరూ మొదట చెప్పేది ఆ అత్యవసరం గురించే. ఆరు నెలల్లో ఆ టాక్సీ వాడుకున్నవారిని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎవరు కదిలారు, ఎవరు వెనక్కి వెళ్లారు

మొదటి రెండు వారాలు అద్భుతంగా గడిచాయి, కాబట్టి నేను వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆరంభశూరత్వం ఎంత ఉంటుందో నాకు తెలుసు. మూడో నెల చివర్లో చిత్రం నిలకడగా కనిపించింది. కారులో వచ్చేవారు మునుపటి కంటే స్పష్టంగా తగ్గారు. పార్కింగ్ తగ్గడం, స్టేషను దగ్గర కావడం ఇందులో సగం పని చేశాయి, దాన్ని నా ఖాతాలో వేసుకోను. ఒకే దూరం, ఒకే సౌకర్యం ఉన్నవారిని విడిగా తీసి చూసినప్పుడే అసలు సంగతి తెలిసింది. మొదటి సర్వేలో పర్యావరణం గురించి గట్టిగా మాట్లాడినవారే ఎక్కువగా మారారు. ఆరు నెలల ముందు అవే మాటలు, అదే గట్టితనం, కానీ ఒక్కరూ కదలలేదు.

లెక్కల అధికారి కదిలారు. మొదటి రోజు తోడుగా వచ్చినది సమాచార విభాగం యువతే. ఇద్దరి ఇళ్లూ ఒకే దారిలో ఉన్నాయని అప్పటిదాకా ఇద్దరికీ తెలియదు. మూడో వారంలో ఒక రోజు రైలు నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఎదురుచూసే నిమిషం ప్రయాణించే నిమిషం కంటే ప్రయాణికుడికి సుమారు రెండింతలు బరువుగా తోస్తుందని రవాణా ప్రణాళికల్లో లెక్క వేస్తారు. ఆ లెక్కన ఆ ఉదయం ఆయనకు గంటా ఇరవై నిమిషాలు అన్నమాట. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినవారిలో చాలామంది మరుసటి రోజుకు కారు నమోదు చేసుకున్నారు. ఆయన చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఒక రోజుకే మానేస్తే ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు చెప్పిన మాటలన్నీ ఏమవుతాయండీ?" అన్నారు. వైఖరి చేసే పని ఏమిటో నాకు అక్కడ తెలిసింది. అలవాటును అది తెంచలేదు. కానీ కొత్త అలవాటు వేళ్లూనే లోపు, చెడ్డ రోజు వచ్చినప్పుడు మనిషిని వెనక్కి పోకుండా పట్టుకుంటుంది.

ఇప్పుడు నాకు నచ్చని భాగం. పాత ఆఫీసులో పదిహేనేళ్లుగా బస్సులో వచ్చిన ఉద్యోగి ఒకాయన తరలింపు తర్వాత కారు కొన్నారు. ఆయన ఒక్కరే కాదు, ఇంకా కొందరున్నారు. పాత దారిలో ఒకే బస్సు, ఇప్పుడు రెండు మారాలి. వాళ్లతో మేము ఇరవై నిమిషాలు కూర్చోలేదు. వాళ్లు ఎలాగూ మావాళ్లే కదా అనుకున్నాం. అలవాటును తెంచే కత్తి మంచి అలవాటునూ చెడ్డ అలవాటునూ వేరుగా చూడదు. బస్సులో రావడం కూడా పరిస్థితిని పట్టుకుని వేలాడే అలవాటే. కారు మానిపించాల్సినవారి మీద పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు బస్సు మానకుండా చూడాల్సినవారి మీద పెట్టి ఉంటే ఈ కొత్త కార్లలో కొన్నైనా దుకాణంలోనే ఉండేవి. కొన్న కారు ఇక ఇంటి ముందు ఊరికే నిలబడదు. దానికి తాళం చెవి ఉంటుంది, ఆ చెవికి తలుపు పక్కన ఒక చోటు ఉంటుంది.

ఉచిత పాసు గడువు ముగిసిన వారం కూడా కొందరు జారిపోయారు. ముగింపు తేదీకి వారం ముందే రెండో నెలకు సగం ధరతో పాసు చేతికి అందించి ఉంటే బాగుండేది. మేము గుర్తుచేస్తూ ఒక సందేశం పంపి ఊరుకున్నాం. కౌంటరు దాకా వెళ్లి కొనుక్కోవడం అంటే మళ్లీ ఒక నిర్ణయం. కారు విషయంలో నేను కావాలని పెట్టిన అడ్డాన్నే బస్సు దారిలో చూసుకోకుండా వదిలేశాను.

వెనకాల వచ్చిన వైఖరి

ఆరో నెల చివర్లో మొదటి ప్రశ్నావళినే మళ్లీ పంచాం. నేను ఎదురుచూడని మార్పు అందులో కనిపించింది. సమాచార విభాగం యువతి జవాబులు ఈసారి చప్పగా లేవు. గాలి గురించి, కార్లలో ఖాళీ సీట్ల గురించి ఆవేశంగా నాలుగు వాక్యాలు రాసింది. ఏమైందని అడిగితే, "రోజూ ఆయనతో కలిసి వస్తున్నాను కదండీ" అని నవ్వింది. అది ఒక కారణం కావచ్చు. కానీ అధికారితో ప్రయాణించనివారిలోనూ, స్థలం లేకే కారు వదిలినవారిలోనూ ఇలాంటి మార్పే కొంత కనిపించింది. తాము చేస్తున్న పనిని చూసి మనుషులు తమ వైఖరిని ఊహించుకుంటారని మనస్తత్వవేత్త డారిల్ బెమ్ 1972లోనే వాదించారు. నెదర్లాండ్స్‌లో మార్టెన్ క్రోసెన్, సూసన్ హ్యాండీ, కాస్పర్ కోరస్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే మనుషులను కాలక్రమంలో మళ్లీ మళ్లీ ప్రశ్నించి చూశారు. ప్రయాణం విషయంలో వైఖరి చేతను మార్చే దానికంటే చేత వైఖరిని మార్చడమే ఎక్కువని తేలింది.

స్టాక్‌హోమ్ అనుభవం దీనికి పెద్ద ఎత్తు ఉదాహరణ. 2006 జనవరి 3 నుంచి జూలై 31 వరకు నగర మధ్యభాగంలోకి వచ్చే వాహనాలపై రద్దీ రుసుమును ప్రయోగాత్మకంగా విధించారు. ప్రయోగానికి ముందు ఎక్కువమంది వ్యతిరేకించారు. రుసుము వర్తించే సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. అదే ఏడాది సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నగరవాసుల్లో ఎక్కువమంది రుసుము ఉండాలన్నారు. ముందు మనసులు మార్చి తర్వాత రుసుము పెడదామనుకుని ఉంటే ఇప్పటికీ ప్రచార పత్రాలు ముద్రిస్తూ ఉండేవారేమో.

లండన్ సంఘటన నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో పర్యావరణం ఊసే లేదు. 2014 ఫిబ్రవరిలో భూగర్భ రైలు సిబ్బంది రెండు రోజులు సమ్మె చేశారు. కొన్ని స్టేషన్లు మూతపడటంతో జనం వేరే దారులు వెతుక్కున్నారు. సమ్మె ముగిశాక ప్రయాణ కార్డుల వివరాలు పరిశీలిస్తే సుమారు 5 శాతం మంది పాత దారికి తిరిగి రాలేదు. అన్నేళ్లూ తమకు మేలైన దారి పక్కనే ఉన్నా వాళ్లు చూడలేదు. ప్రజా రవాణా లోపల కూడా అలవాటుది ఇదే తీరు. మా కేసులోనూ ఒకావిడ కొత్త కాగితం చేతిలో పట్టుకుని, పాత ఆఫీసుకు కూడా ఇంతకంటే దగ్గర దారి ఉండేదా అని అడిగింది. చూసి చెప్పాను, ఉండేది. తొమ్మిదేళ్లు చుట్టూ తిరిగి వచ్చింది పాపం.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో కొన్ని మార్పులు జరిగాయి. వైఖరి సర్వేను మానలేదు, కానీ దాన్ని ఎవరికి నచ్చజెప్పాలో తెలుసుకోవడానికి వాడటం లేదు. పరిస్థితి మారినప్పుడు ఎవరు తొందరగా కదులుతారో, ఎవరికి ఎక్కువ ఆసరా కావాలో ముందే అంచనా వేసుకోవడానికి వాడుతున్నాను. సంస్థ పిలిచిన వెంటనే పని మొదలుపెట్టడం లేదు. ఈ ఏడాది మీ దగ్గర ఏం మారబోతోంది అని మొదట అడుగుతున్నాను. కొత్త నియామకాలా, పని వేళల మార్పా, దారి మరమ్మతులా? ఏమీ మారడం లేదంటే, మారేదాకా ఆగమని చెప్పి వెనక్కి వచ్చిన సందర్భం కూడా ఒకటుంది. నాకు రుసుము పోయింది, వాళ్లకు పోస్టర్ల ఖర్చు మిగిలింది. ఇప్పటికే బస్సులో వచ్చేవారి జాబితా మొదటి రోజే తీసుకుంటున్నాను.

దీనికి హద్దులూ ఉన్నాయి. స్టేషను దగ్గరకు ఆఫీసు మారడం అందరికీ దక్కే అవకాశం కాదు. అసలు బస్సే రాని చోట, రాత్రి పదకొండుకు పని ముగిసే చోట, చీకటి స్టాపులో ఒంటరిగా నిలబడటం భయమయ్యే చోట అలవాటు గురించి మాట్లాడటం అన్యాయం. అక్కడ లేనిది బస్సు, సంకల్పం కాదు. మా ఆఫీసులోనే రాత్రి విధుల్లో ఉన్నవారిని ఈ ప్రయత్నం నుంచి మొదటే మినహాయించాం.

తరలింపు జరిగి ఏడాది పూర్తయిన వారం లెక్కల అధికారికి ఫోను చేశాను. తాళం చెవి ఎక్కడుందని అడిగాను. సొరుగులో ఉందట, కావలసినప్పుడు వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు పడుతోందని విసుక్కున్నారు. తలుపు పక్కన ఇప్పుడు గొడుగు తగిలిస్తున్నారు. గురువారాలు మాత్రం ఇప్పటికీ కారే. ఆ సాయంత్రం కూతురిని సంగీతం క్లాసు నుంచి తీసుకురావాలి, అటువైపు వెళ్లే బస్సు ఏడున్నరకే ఆగిపోతుంది.